కిట్ కాగితం మీద కొట్టేసిన లైను



షాబాన్ నెల సగం దాటిందంటే మన మొహల్లాల్లో రంజాన్ కిట్ల హిసాబ్ మొదలవుతుంది. ఏ ఇంట్లో బేవా ఉంది, ఎవరి శోహర్ సౌదీ నుంచి పైసలు పంపుతలేడు, ఎవరికి పని దొరుకుతలేదు అని ఒక కాగితం మీద పేర్లు రాస్తారు. ఇంకో కాగితం మీద సామాను రాస్తారు. బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, చాయ్‌పత్తా, సేమ్యా, ఖజూర్.

పోయినేడు ఒక కమిటీ వాళ్లు ఆ సామాను కాగితాన్ని నాతో రాయించారు. అన్నీ రాశాక, చివర్లో నా అంతట నేనే ఒక లైను కలిపాను: "నెలసరి ప్యాడ్లు, ఇంటికి రెండు ప్యాకెట్లు." కాగితం తీసుకున్న పెద్దాయన అక్కడిదాకా చదివి ఆగాడు. తల ఎత్తకుండానే జేబులోంచి పెన్ను తీసి ఆ లైను కొట్టేశాడు. "బేటీ, యే సబ్ మస్జిద్ కే కాగజ్ పే నై లిఖ్తే" అన్నాడు, మెల్లగా. కోపం కూడా చేయలేదు.

ఆయన మంచి మనిషి. రోజా ఉండి, ఎండలో, ఆ కిట్లను భుజం మీద మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగే మనిషి. ఎవరో చెడ్డవాడు కొట్టేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఖిద్మత్ చేసే చెయ్యే కొట్టేసింది కాబట్టి అది నాకింకా గుర్తుంది. ఆ లైను కాగితం మీదికి తిరిగి రావాలి. మన కమిటీ కాగితం మీదికే కాదు, సర్కారు కాగితం మీదికి కూడా. ఎందుకో, ఎట్లానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది మోర్తాడ్. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ దాటి మెట్‌పల్లి, జగిత్యాల దిక్కు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. ఈ తొవ్వ పొడుగునా ఉన్న ఊళ్లలో మగవాళ్లను గల్ఫ్ సాకింది, ఆడవాళ్లను బీడీ సాకింది. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 చివర్లో మూతపడ్డాక అక్కడి మా చుట్టాల ఇంట్లో నెల జీతమనే మాటే పోయింది. ఆ ఇంటి ఖాలా కూడా ఒళ్లో చాట పెట్టుకుంది.

మా అమ్మీ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తడిపిన తునికాకు, కత్తెర, దారం, చాటలో తంబాకు. ఫజర్ నమాజ్ చదివి కూర్చుంటే అసర్ దాకా లేచేది కాదు. లేస్తే లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే కార్ఖానాలో కూలీ తగ్గుతుంది. నెలలో ఆ ఐదు రోజులు కూడా అట్లాగే కూర్చునేది, పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఒకే గుడ్డతో. పాత కాటన్ దుపట్టా చింపి మడత పెట్టుకునేది. రాత్రి అందరూ పడుకున్నాక ఉతికి, వెనకింట్లో తాడు మీద ఆరేసి, దాని మీద అబ్బా లుంగీ కప్పేది. మగవాళ్ల కండ్లు పడొద్దని. వానకాలంలో అది ఆరేది కాదు. ఆరని గుడ్డే మళ్లీ వాడేది. దురద వచ్చినా, మంట వచ్చినా "గర్మీ హువీ" అని సబ్జా గింజలు తాగేది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా డాక్టర్‌కు ఆ మాట చెప్పలేదు.

గుడ్డ వాడడం తప్పు కాదు. శుభ్రంగా సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసిన కాటన్ గుడ్డ మంచిదే. మా అమ్మీకి గుడ్డ దొరికింది. సబ్బు, నీళ్లు, ఎండ, లేచే తీరిక, ఈ నాలుగూ దొరకలేదు. నెలసరి గరీబీ అంటే ప్యాడ్ కొనలేకపోవడం ఒక్కటే అనుకుంటే సగమే చూసినట్టు.

పైసల సంగతి కూడా లెక్కేద్దాం. ఐదు రోజులు, రోజుకు మూడు చొప్పున, నెలకు పదిహేను ప్యాడ్లు కావాలి. దుకాణంలో మామూలు రకం ఒక్కటి ఆరు రూపాయలనుకున్నా నెలకు 90 రూపాయలు. ఇంట్లో తల్లి, ఇద్దరు బిడ్డలు ఉంటే 270. కార్ఖానా నెలంతా పని ఇవ్వదు. పని ఇచ్చిన రోజుల్లోనూ వెయ్యి బీడీలు చుట్టడం అందరితో కాదు. ఆ కూలీలో 270 రూపాయలు తీయాలంటే ముందు బిడ్డలకు కొంటుంది, తనకు గుడ్డ పెట్టుకుంటుంది. ఆ తర్వాత బిడ్డలకు కూడా స్కూలు ఉన్న రోజులకే కొంటుంది.

ఇంకో మాట. శోహర్ దుబాయ్‌లో ఉన్న ఇంట్లో పైసలు ఉండొచ్చు. కానీ ఆ పైసలు సాస్ చేతికి వస్తాయి, లేదంటే దేవర్ ఖాతాలో పడతాయి. ప్యాడ్లు కావాలంటే ఎవరినో ఒకరిని అడగాలి. మెడికల్ షాప్‌లో ఉండే అబ్బాయి మన గల్లీవాడే. నలుగురు మగవాళ్లు పక్కన నిలబడి ఉంటే అక్కడ వంతు కోసం చూడాలి. వాడు పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు. ఊళ్లో నల్ల కవర్‌తో ఎవరు పోయినా అందులో ఏముందో అందరికీ తెలుసు. పైసలున్న ఆడది కూడా ఆ దుకాణం మెట్లెక్కలేక గుడ్డకే పోతుంది. ఇది కూడా గరీబీయే.

సర్కారు ఏమీ చేయలేదని నేను అనను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ల మీద 12 శాతం పన్ను వేశారు. దేశమంతా అడిగితే 2018 జులైలో తీసేశారు. కేంద్రం 2011లోనే పల్లెల్లోని ఆడపిల్లల కోసం ఒక స్కీమ్ పెట్టింది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఆరు ప్యాడ్ల ప్యాకెట్‌ను 6 రూపాయలకు ఇచ్చేది. మన తెలంగాణలో 2018లో "బాలికా ఆరోగ్య రక్ష" పేరుతో సర్కారు బడుల అమ్మాయిలకు కిట్లు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్‌లో "స్వేచ్ఛ" పథకం వచ్చింది. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రభుత్వ విద్యాసంస్థల అమ్మాయిలకు నెలకు పది ప్యాడ్లు ఇస్తామన్నారు. జన్ ఔషధి కేంద్రాల్లో 2018లో రెండున్నర రూపాయలకు మొదలైన ప్యాడ్ 2019 ఆగస్టు నుంచి రూపాయికే అమ్ముతున్నారు.

ఇవన్నీ మంచివే. కానీ ఒకసారి వరసగా చూడండి. ఒకటి బడి పిల్లలకు, ఒకటి టీనేజ్ వాళ్లకు, ఇంకొకటి దుకాణం దాకా పోగలిగిన వాళ్లకు. ఎనిమిదో తరగతిలో చదువు మాని అమ్మ పక్కన చాట పట్టుకున్న పిల్ల ఇందులో ఎక్కడుంది? బడిలేని ఎండాకాలం రెండు నెలలు ఆ బడి పిల్ల ఏం చేయాలి? మదర్సా నిస్వాన్‌లో చదివే అమ్మాయి సంగతేంటి? ముప్పై ఐదేళ్ల బేవా సంగతేంటి? ఆరు ప్యాడ్లు రెండు రోజులకు సరిపోతాయి, మిగతా మూడు రోజులు ఎట్లా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21లో చేసింది, ఈ విషయం అడిగింది. ప్యాడ్లు వాడుతున్నామని 64 శాతం మంది, గుడ్డ వాడుతున్నామని 50 శాతం మంది చెప్పారు. రెండూ కలిపి వాడేవాళ్లు ఉంటారు కాబట్టి లెక్క వంద దాటింది. కానీ ఆ ప్రశ్న అడిగింది 15 నుంచి 24 ఏళ్ల వాళ్లనే. ఇరవై ఐదేళ్లు దాటిన ఆడవాళ్లను అసలు అడగనే లేదు. నెలసరి ఇరవై నాలుగో ఏట ఆగిపోతుందా? మా అమ్మీ ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్లకు పైగా ఆ గుడ్డ ఉతికింది. ఆమె ఏ లెక్కలోనూ లేదు. లెక్కలో లేనివాళ్లకు ఇంతెజామ్ కూడా ఉండదు.

ఇక మన వాళ్ల దగ్గరికి వస్తాను. కొట్టేసిన ఆ లైను వెనక ఉన్న మాట హయా. హయా ఈమాన్‌లో భాగమని నేనూ నమ్ముతాను. అయితే హయా అంటే ఖామోషీ అని ఎవరు చెప్పారు? సహీహ్ బుఖారీ తెరిచి చూడండి, అందులో నమాజ్‌కు ఒక కితాబ్ ఉన్నట్టే హైజ్‌కు ఒక కితాబ్ ఉంది. సూరహ్ అల్-బఖరాలో 222వ ఆయత్ ఈ విషయం గురించి అడిగిన సవాల్‌కే జవాబు. మదీనాలో ఒక అన్సారీ స్త్రీ రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) దగ్గరికి వచ్చి, హైజ్ తర్వాత గుస్ల్ ఎట్లా చేయాలని నేరుగా అడిగింది. ఆయన చెప్పారు, కస్తూరి పూసిన గుడ్డతో శుభ్రం చేసుకొమ్మన్నారు. ఆమెకు అర్థం కాక మళ్లీ అడిగింది. ఆయనకు హయా అనిపించింది. అప్పుడు హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ఆమెను పక్కకు తీసుకుపోయి వివరంగా చెప్పింది.

ఈ హదీసు నేను చిన్నప్పుడు విన్నాను. పెద్దయ్యాక నాకు అందులో ఇంకోటి కనపడింది. అక్కడ హయా ఉంది. కానీ అడిగిన ఆడది జవాబు లేకుండా వెనక్కి పోలేదు. మాట చెప్పడానికి ఒక స్త్రీ ముందుకొచ్చింది. వాడుకోవాల్సిన గుడ్డ గురించి కూడా మాట జరిగింది. హైజ్‌లో ఉన్న భార్య ఒడిలో తల పెట్టుకుని ఖుర్ఆన్ తిలావత్ చేసిన నబీ ఉమ్మత్ మనం. మనమే మన బిడ్డలకు ఆ రోజుల్లో నమాజ్ మాఫ్ అని, రోజాలు ఖజా చేయాలని నేర్పుతాం. రంజాన్ తర్వాత ఎన్ని రోజాలు బాకీ ఉన్నాయో హిసాబ్ అడుగుతాం. వాడుకోవడానికి నీ దగ్గర ఏముందని మాత్రం అడగం. రోజా లేని ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్లకు తెలుస్తుందని మంచినీళ్లు కూడా తాగకుండా ఇఫ్తార్ దాకా ఉండే ఆడపిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను మన షర్మ్ గుంజుకుంటోంది.

మరి ఇంతెజామ్ ఎట్లా ఉండాలి? స్కాట్లాండ్ దేశం 2020 నవంబర్‌లో ఒక చట్టం చేసింది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడి ప్రతి స్థానిక కౌన్సిల్, అవసరమైన ఎవరికైనా సరే, ఈ వస్తువులు ఉచితంగా దొరికేటట్టు చూడాలి. వాళ్లది పైసలున్న దేశం, మనతో పోలికేంటి అంటారు. నేను వాళ్ల పైసల గురించి చెప్పడం లేదు. తేలికగా దొరకాలి, తీసుకునే మనిషి ఇజ్జత్ నిలబడాలి, రకరకాల వస్తువుల్లోంచి తనకు నచ్చింది ఎంచుకునే వీలుండాలి. ఈ మూడు షరతులు ఆ చట్టంలోనే ఉన్నాయి. వీటిని పెట్టడానికి పెద్ద ఖజానా అక్కర్లేదు.

మనకు దగ్గరి మిసాల్ కూడా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ నడుస్తోంది. కండక్టర్ ఎక్కడికని అడుగుతాడు, టికెట్ కొడతాడు. ఎందుకు పోతున్నావు, నీ మొగుడు ఏం చేస్తాడు, నీకు పీఎఫ్ ఉందా అని అడగడు. అందుకే మోర్తాడ్ నుంచి ఆర్మూర్ దవాఖానకు మా పక్కింటి నానీ ఒక్కతే పోయొస్తోంది. బీడీ పింఛన్ సంగతి వేరు. 2015లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 అయింది, ఎందరికో ఆసరా అయింది. కానీ పీఎఫ్ కటాఫ్ తేదీ దగ్గర ఆగిపోయిన ఆడవాళ్లు ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగారు. నెలసరి ఇంతెజామ్ జీరో టికెట్ లెక్క ఉండాలి, కటాఫ్ తేదీ లెక్క ఉండొద్దు.

మోర్తాడ్‌లో అయితే నేనిట్లా చేయమంటాను. ఆడవాళ్లు ఇప్పటికే పోయే జాగాల్లోనే ప్యాడ్లు పెట్టాలి. అంగన్‌వాడీలో పెట్టొచ్చు, అక్కడుండేది టీచరమ్మ. మహిళా సంఘం మీటింగ్‌లో ఇవ్వొచ్చు. బీడీలు అప్పజెప్పే కార్ఖానాలో ఆడవాళ్లు కూర్చునే దిక్కు ఒక అల్మారా పెట్టొచ్చు. బస్టాండ్‌లో ఆడవాళ్ల టాయిలెట్ లోపల పెట్టొచ్చు. రేషన్ దుకాణం నా లిస్టులో లేదు. అక్కడ లైను ఉంటుంది, వేలిముద్ర ఉంటుంది, లైనులో మామలు, బావలు ఉంటారు.

పేరు రాసుకోవద్దు, ఆధార్ అడగొద్దు. ఎవరైనా ఎక్కువ తీసుకుంటే? తీసుకోనీ. ఇంట్లో ముగ్గురు ఉంటారు. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని మిగిలాయి అనే హిసాబ్ గ్రామసభలో చెబితే చాలు. మనిషికి నెలకు పదిహేనుకు తగ్గొద్దు. గుడ్డే ఇష్టపడేవాళ్లకు కుట్టిన కాటన్ ప్యాడ్లు, సబ్బు ఇవ్వాలి. మన ఊళ్లో కుట్టుమిషన్ ఉన్న ఆపాలు ఎందరో ఉన్నారు, ఆ పని వాళ్లకే ఇవ్వొచ్చు. కేరళలోని అలప్పుళ మున్సిపాలిటీ 2019లో వేల సంఖ్యలో మెన్‌స్ట్రువల్ కప్పులు పంచింది. అది కూడా ఒక దారి. ఎవరికి ఏది సరిపోతుందో వాళ్లే చెప్పాలి.

వాడిన తర్వాతి సంగతి కూడా చూడాలి. మా గల్లీలో రాత్రిపూట పెరట్లో కాలుస్తారు, లేదంటే చీకట్లో కాల్వలో వేస్తారు. పొద్దున సఫాయి కార్మికుడు ఉత్త చేతులతో దాన్ని తీస్తాడు. అతనికీ ఇజ్జత్ ఉంది. వాడిన ప్యాడ్లను విడిగా చుట్టి ఇవ్వాలని, చుట్టే కవర్లను తయారుచేసే కంపెనీలే ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. పంచాయతీ చెత్తబండికి మూతున్న ఇంకో డబ్బా తగిలించడం పెద్ద పని కాదు. కార్ఖానాల్లో, బడుల్లో గడియ ఉన్న మరుగుదొడ్డి, లోపల నీళ్లు లేకపోతే ఎన్ని ప్యాకెట్లు పంచినా సగం పనే అయినట్టు.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఇక్కడే మన కమిటీల జిమ్మేదారీ వస్తుంది. వంద మంది ఖవాతీన్‌కు నెలకు పదిహేను చొప్పున 1,500 ప్యాడ్లు. జన్ ఔషధి ధరకు తెస్తే నెలకు 1,500 రూపాయలు, ఏడాదికి 18,000. ఒక పెద్ద దావతె ఇఫ్తార్‌కు అంతకన్నా ఎక్కువే ఖర్చు పెడుతున్నాం. జకాత్ నుంచి ఇవ్వొచ్చా అని నన్ను అడిగారు. హనఫీ ఫిఖ్‌లో జకాత్‌ను వస్తువు రూపంలోనూ ఇవ్వొచ్చు. తమ్లీక్ కావాలి, అంటే ముస్తహిఖ్ మనిషి చేతికిచ్చి ఆమెను మాలిక్‌ను చేయాలి. ప్యాకెట్ ఇస్తే ఆ షరతు తీరుతుంది. టాయిలెట్ కట్టడానికి, డబ్బా కొనడానికి మాత్రం జకాత్ కాదు, నఫిల్ సదఖా వాడాలి. మనతో ఒకే కార్ఖానాలో కూర్చుని బీడీలు చుట్టే పద్మశాలి అక్కలకు కూడా ఆ సదఖా నుంచే ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. మసలా ఖాయం చేసుకోవడానికి మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. కానీ అడగండి. అడగకుండానే కొట్టేయకండి.

పోయినేడు చాంద్‌రాత్ నాడు ఆ పెద్దాయన ఇంటికి సేమ్యా ఇవ్వడానికి పోయాను. ఆయన బయట ఉన్నాడు. ఆయన బీవీ నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. "తుమ్ లిఖే సో మేరేకూ మాలూమ్ హువా" అంది. నేను తిట్లు పడతాయనుకున్నాను. ఆమె ఇంకా దగ్గరికి జరిగి, "రూపాయికి దొరికేవి ఎక్కడ అమ్ముతారు? మా బహూకు కావాలి" అని అడిగింది.

కమిటీ ఇంట్లోనే ముస్తహిఖ్ ఉంది. ఆ ఇంట్లో కూడా ఆ మాట తలుపు వేసుకునే మాట్లాడాలి.

ఈసారి నేను ఆ కాగితం రాయనన్నాను. సామాను కాగితాన్ని మొహల్లా ఆడవాళ్లనే కూర్చోబెట్టి రాయించమన్నాను. మగవాళ్లు పైసలు పోగు చేయండి, బస్తాలు మోయండి, అల్లాహ్ మీకు అజర్ ఇస్తాడు. కిట్‌లో ఏం ఉండాలో మాత్రం పొయ్యి దగ్గర, చాట దగ్గర కూర్చునే వాళ్లను అడగండి. ఆ లైను రాయడానికి మీకు షర్మ్ అనిపిస్తే రాయకండి. వాళ్లు రాసింది కొట్టేయకుండా ఉంటే చాలు.

మన బిడ్డల తక్‌లీఫ్‌ను చూసే కళ్లను, అడిగే నోటిని అల్లాహ్ మనందరికీ ఇవ్వాలి. ఆమీన్.